పక్షవాతం వచ్చాక నాన్నగారిని రీహాబ్ సెంటర్‌లో ఉంచాలా, నేరుగా ఇంటికి తీసుకెళ్లాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 56 ఏళ్లు, మెదడులో ఎడమవైపు రక్తనాళానికి గడ్డ అడ్డుపడి స్ట్రోక్ వచ్చి 19 రోజులైంది, కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, ఏది అడిగినా "అది... అది..." అంటున్నారు, ముక్కులో పైపు ఇంకా తీయలేదు, శుక్రవారం డిశ్చార్జ్ అన్నారు. డాక్టర్ ఆరు నుంచి ఎనిమిది వారాలు రీహాబ్ సెంటర్‌లో ఉంచమన్నారు. బాబాయ్ గారు మాత్రం "అన్నయ్యను ఎక్కడో పడేస్తామా, ఖమ్మం తీసుకొచ్చేయండి, ఫిజియోను పెట్టుకుందాం" అంటున్నారు, అమ్మగారు ఎటూ చెప్పలేక ఏడుస్తున్నారు. నేను హైదరాబాద్‌లో 17 ఏళ్లుగా ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పేదాన్ని, అందులో ఎక్కువ కాలం ఇలాంటి సెంటర్లలోనే పనిచేశాను. నా మాట ముందే చెప్పేస్తాను: రీహాబ్ సెంటర్‌కే తీసుకెళ్లండి. కానీ అమ్మగారిని కూడా తోడుగా ఉంచండి, చేరిన మొదటి వారంలోనే ఇంటికి పంపే తేదీ రాయించుకోండి. ఈ రెండింటికీ ఒప్పుకోని సెంటర్ అయితే అక్కడికి వద్దు.

బాబాయ్ గారి మనసులో ఉన్నది వృద్ధాశ్రమం లాంటి చోటు అనుకుంటాను, చాలామంది అలాగే అనుకుంటారు. ఆసుపత్రి పని ప్రాణం నిలబెట్టడం, బీపీ షుగర్ అదుపులోకి తేవడం, రెండో స్ట్రోక్ రాకుండా మందులు మొదలుపెట్టడం. అది అయింది కాబట్టే పంపించేస్తున్నారు. అయితే మనిషి ఇంకా మంచం మీద తనంతట తాను పక్కకు తిరగలేరు, మింగలేరు, మూత్రం వస్తోందని చెప్పలేరు. ఇక్కడి నుంచి, పొద్దున్నే లేచి మొహం కడుక్కుని కుర్చీలో కూర్చుని టిఫిన్ తినేదాకా కొన్ని వారాల దారి ఉంటుంది. ఆ దారి నడిపించడానికే ఈ రీహాబ్ సెంటర్లు, వీటినే ట్రాన్సిషన్ కేర్ సెంటర్లు అని కూడా అంటారు. అక్కడ పేషెంట్ ఎంత నేర్చుకుంటారో ఇంటివాళ్లూ అంత నేర్చుకోవాలి, ఇంటివాళ్లకు నేర్పకపోతే పెట్టిన డబ్బులో సగం వృథా అయినట్టే.

నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయనతో ఏడు వారాలు పనిచేశాను. నున్నటి టైల్స్, గోడకు స్టీలు రాడ్లు, వెస్టర్న్ కమోడ్ ఉన్న బాత్రూంలోకి ఆయన ఒక్కరే వెళ్లి రావడం నేర్చుకున్నారు, అందరం చప్పట్లు కొట్టి ఇంటికి పంపించాం. మూడో రోజు పడిపోయారు, తుంటి విరిగింది. వాళ్ల బాత్రూం పెరట్లో ఉంది, వంటింటి గడప దాటి రెండు మెట్లు దిగాలి, పట్టుకోవడానికి ఏమీ లేదు, లోపల ఇండియన్ టాయిలెట్. ఏడు వారాల్లో ఒక్కసారి కూడా నేను "మీ ఇంట్లో బాత్రూం ఎక్కడుంది" అని అడగలేదు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటి నుంచి ఎవరు చేరినా నేను మొదట అడిగేది ఇంటి వీడియో. గేటు దగ్గర మొదలుపెట్టి, మెట్లు, గడపలు, మంచం, మంచం నుంచి బాత్రూం దాకా దారి, తలుపు ఎటు తెరుచుకుంటుంది, లోపల ఎన్ని అడుగులుంది, అన్నీ కనిపించేలా తీయమంటాను. మీరూ ఈ ఆదివారమే ఖమ్మం ఇంటిది తీయించండి, బాబాయ్ గారినే తీయమనండి, ఆయనకూ ఈ పనిలో చోటు ఇచ్చినట్టుంటుంది.

సెంటర్‌కు ఇప్పుడే ఎందుకు వెళ్లాలంటే, స్ట్రోక్ తర్వాత కోలుకోవడం మొదటి మూడు నెలల్లో అన్నిటికన్నా వేగంగా ఉంటుంది, ఆరు నెలల దాకా బాగానే సాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఆరు నెలల తర్వాత ఇక ఏమీ రాదని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, రెండో ఏడాదిలో సొంతంగా చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నవాళ్లను చూశాను. అయినా ఆ మొదటి నెలల్లో మెదడు నేర్చుకునే తీరు వేరు. ఒక పని మళ్లీ మళ్లీ చేస్తేనే మెదడులో దెబ్బతినకుండా మిగిలిన భాగం ఆ పని అందుకుంటుంది, అది కూడా కాలు ఊరికే ఎత్తి దించడం లాంటిది చాలదు, మంచం మీద నుంచి లేవడం, గ్లాసు అందుకోవడం లాంటి నిజమైన పని కావాలి. బ్రిటన్‌లో 2023లో సవరించిన నైస్ మార్గదర్శకాలు స్ట్రోక్ పేషెంట్‌కు రోజుకు కనీసం మూడు గంటల థెరపీ, వారానికి కనీసం ఐదు రోజులు ఇవ్వాలంటున్నాయి. ఇంటికొచ్చే ఫిజియో మహా అయితే ఒక గంట ఉంటారు, మిగతా ఇరవై మూడు గంటలు నాన్నగారు పైన తిరిగే ఫ్యాను చూస్తూ పడుకుంటారు.

అలాగని బాబాయ్ గారి మాటను కొట్టిపారేయలేం. స్ట్రోక్ తక్కువగా లేదా మధ్యస్థంగా ఉన్నవాళ్లను తొందరగా ఇంటికి పంపి, ఆసుపత్రి టీమే ఇంటికి వచ్చి థెరపీ చేసే పద్ధతి విదేశాల్లో చాలా మంచి ఫలితాలిచ్చింది. కానీ అక్కడ వచ్చేది ఒకరు కాదు, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, నర్సు కలిసి ఒక టీముగా వస్తారు. మన దేశంలో అంత మంది దొరకరు కదా, ఇంటివాళ్లకే నేర్పితే సరిపోతుందేమో అని చూడటానికి అటెండ్ అనే పెద్ద అధ్యయనం చేశారు, 14 ఆసుపత్రుల్లో 1250 మంది పేషెంట్లతో. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చిన గుంపులోనూ, మామూలుగా పంపిన గుంపులోనూ ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు లేదా ఇతరుల మీద ఆధారపడినవాళ్లు 47 శాతం చొప్పున ఉన్నారు, ఏమీ తేడా లేదు. ఇంటివాళ్ల ప్రేమకు విలువ లేదని దీని అర్థం కాదు. మనమే థెరపీ మొత్తం భుజాన వేసుకుంటే సరిపోదని, అంతే. ఖమ్మంలో మీ ఇంటికి ఫిజియోతో పాటు స్పీచ్ థెరపిస్ట్, మింగడం పరీక్షించి నేర్పేవాళ్లు వారానికి ఐదు రోజులు వస్తారంటే నేను కూడా ఇల్లే మంచిదంటాను. వాకబు చేయండి.

ముక్కులో పైపు ఉంది కాబట్టి అన్నిటికన్నా ముందు మింగడం గురించి గట్టిగా చెప్పాలి. చూడటానికి వచ్చిన చుట్టాలు జాలిపడి నోట్లో కొబ్బరినీళ్లు పోస్తారు, కొంచెమేగా అంటారు. స్ట్రోక్ తర్వాత గొంతు కండరాలు బలహీనపడితే పల్చటి నీళ్లే అన్నిటికన్నా ప్రమాదం, జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిమోనియా వస్తుంది. పొలమారితే కనీసం దగ్గు వస్తుంది, మనకు తెలుస్తుంది. కొందరికి ఆ దగ్గు కూడా రాదు, నీళ్లు చప్పుడు లేకుండా లోపలికి పోతాయి, రెండు రోజులకు జ్వరం మొదలైతే గానీ తెలీదు. స్పీచ్ థెరపిస్ట్ (మాటతో పాటు మింగడం కూడా చూసేది వీళ్లే) పరీక్ష చేసి సరే అనేదాకా నోట్లో ఏమీ వేయకండి. సరే అన్నాక సాధారణంగా చిక్కగా ఉన్నవాటితో మొదలవుతుంది, మెత్తగా మెదిపిన పెరుగన్నం, చిక్కటి రాగి జావ లాంటివి, అదీ నిటారుగా కూర్చోబెట్టి, సగం చెంచా చొప్పున. ముద్ద గొంతు దిగిందో లేదో గొంతు మీదున్న ఎముక పైకి లేచి దిగడం చూస్తే తెలుస్తుంది, ఆ తర్వాతే ఇంకో చెంచా. మీ నాన్నగారికి కుడివైపు పట్టు లేదు కాబట్టి కుడి బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి, తిన్నాక వేలికి గాజుగుడ్డ చుట్టి శుభ్రం చేయాలి, అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ఇవన్నీ అమ్మగారు రోజుకు మూడు పూటలా పక్కనుండి చూసి, తన చేత్తో పెట్టి, నేర్చుకోవాలి. ఫోన్లో చెబితే వచ్చేవి కావు.

భుజం సంగతి కూడా ఈ రోజే ఇంట్లో అందరికీ చెప్పండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని గానీ, చంకలో చెయ్యి వేసి గానీ పైకి లాగకూడదు. ఆ చేతి బరువుకే భుజం కీలు కిందికి జారి ఉంటుంది, ఒక్కసారి గట్టిగా లాగితే మొదలైన నొప్పి నెలల తరబడి వదలదు, నొప్పి ఉన్న మనిషి థెరపీకి రానంటారు. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు పెట్టండి, లేపేటప్పుడు నడుము దగ్గర పట్టుకోండి, చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర.

మాట గురించి. దీన్ని అఫేసియా అంటారు, ఎడమ మెదడు స్ట్రోక్‌లో ఎక్కువగా వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి మనం చెప్పేది చాలావరకు అర్థమవుతోంది, తను చెప్పాలనుకున్న మాట దొరకడం లేదు. ఆ గదిలో నిలబడి "పాపం ఏమీ తెలియట్లేదు" అని ఎవరూ అనకూడదు, ఆయనకు వినిపిస్తుంది. వచ్చిన ప్రతివాళ్లూ "నేనెవరో చెప్పు, నా పేరు చెప్పు" అని పరీక్ష పెడతారు, దయచేసి ఆపించండి. అవును, కాదు అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలు అడగండి, ఒకసారికి ఒకటే, తర్వాత పది లెక్కపెట్టేంత సేపు ఆగండి. ఒక రిటైర్డ్ టీచర్ గారు ఉండేవారు, నీళ్లు కావాలని అడగలేకపోయేవారు. ఒక రోజు పక్క మంచం ఆయన మనవడు ఎక్కాలు వల్లిస్తుంటే ఈయన కూడా గొంతు కలిపి పన్నెండో ఎక్కం చివరిదాకా చెప్పేశారు. భార్య చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అలవాటుగా నోటికొచ్చినవి, పాటలు, పద్యాలు, వారాల పేర్లు, మెదడులో వేరే దారిలో వస్తాయి, అందుకే మిగులుతాయి. స్పీచ్ థెరపిస్ట్ అక్కడి నుంచే మొదలుపెట్టి అసలు మాటల వైపు నడిపిస్తారు. మాట రావడానికి కాలికన్నా ఎక్కువ కాలం పడుతుంది, తొందరపెట్టకండి.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. నాన్నగారు థెరపీకి మొహం తిప్పుకుంటే, తిండి మానేస్తే, బద్ధకం అనుకోకుండా డాక్టర్‌కు చెప్పండి, మందులున్నాయి, పనిచేస్తాయి. కారణం లేకుండా వెక్కి వెక్కి ఏడవడం, నవ్వడం కూడా జబ్బులో భాగంగానే రావచ్చు.

బైకు యాక్సిడెంట్లో తలకు దెబ్బ తగిలినవాళ్ల ఇంటివాళ్లు కూడా ఇది చదువుతుంటే వాళ్లకు ఒక మాట. మీ అబ్బాయి నడుస్తున్నాడు, తింటున్నాడు కాబట్టి సెంటర్ అక్కర్లేదని అనుకోవద్దు. తల దెబ్బలో కాలూ చెయ్యీ బాగుండి, ఓపిక, జ్ఞాపకం, ఏది ముందు ఏది తర్వాత అనే తెలివిడి దెబ్బతింటాయి. గ్యాస్ వెలిగించి మర్చిపోవడం, చిన్న మాటకే చెయ్యెత్తడం, పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తులేకపోవడం. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరు అనుకుంటారు, గొడవలైపోతాయి. వీళ్లకు నిజంగా ఇల్లులాంటి చోట వంట, బజారు, బస్సు ప్రయాణం, డబ్బు లెక్క చేయించే శిక్షణ కావాలి, మన దగ్గర అలాంటివి ఇంకా చాలా తక్కువ. బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరలాజికల్ రీహాబిలిటేషన్ విభాగం ఉంది, వెల్లూరు సీఎంసీకి (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆ ఊళ్లోనే బాగాయంలో రీహాబ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, రాయలసీమ, నెల్లూరు వైపు వాళ్లు చాలామంది అక్కడికే వెళ్తారు. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ తనే 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, వీల్‌చైర్‌లోంచే ఆపరేషన్లు చేసినావిడ. ఆ ఊరి సంగతి చెప్పేటప్పుడు ఆవిడ పేరు ఎత్తకుండా ఉండలేను.

సెంటర్ ఎంచుకోవడానికి వెబ్‌సైట్ ఫోటోలు చూడకండి. చెప్పకుండా, పనిరోజు పొద్దున 11 గంటలకు వెళ్లండి. ఆ సమయానికి సగం మంది పేషెంట్లు పక్కలు దిగకుండా టీవీ చూస్తుంటే తిరిగి వచ్చేయండి. పీఎంఆర్ డాక్టర్, అంటే రీహాబ్ స్పెషలిస్ట్, వారానికి ఎన్ని రోజులు వస్తారు, రోజుకు ఎవరితో ఎన్ని గంటల థెరపీ, ఆదివారం ఏం చేస్తారు, రాత్రి ఎంతమంది పేషెంట్లకు ఒక నర్సు, ఒంట్లో బాగా లేకపోతే ఏ ఆసుపత్రికి పంపిస్తారు, ఇవి అడగండి. వారానికోసారి ఇంటివాళ్లతో కూర్చుని "ఈ వారం ఏం వచ్చింది, వచ్చే వారం ఏం చేయిస్తాం" అని చెప్తారా అడగండి. "పూర్తిగా నయం చేసి పంపిస్తాం" అన్నవాళ్ల దగ్గర నాకు భయం. "మీ నాన్నగారు ఒక మనిషి సాయంతో మంచం నుంచి కుర్చీలోకి మారడం నాలుగు వారాల్లో వస్తుందని చూస్తున్నాం" అని చెప్పేవాళ్లు పని తెలిసినవాళ్లు.

డబ్బు విషయం. రోజుకు వేలల్లో అవుతుంది, పైగా డైపర్లు, మందులు, విడిగా అటెండర్, డాక్టర్ విజిట్ ఇవన్నీ ప్యాకేజీలో ఉన్నాయా లేదా కాగితం మీద రాయించుకోండి. ఇన్సూరెన్స్ ఉందన్నారు, ఇక్కడ జాగ్రత్త. మన దేశంలో దాదాపు అన్ని హెల్త్ పాలసీల్లోనూ ఎక్స్‌క్లూజన్ 05 అనే కోడ్‌తో విశ్రాంతి కోసం, రీహాబ్ కోసం చేరితే ఇవ్వమనే షరతు ఉంటుంది. అందుకని చేరకముందే ఆసుపత్రి న్యూరాలజిస్ట్ దగ్గర, ఈ పేషెంట్‌కు ఫలానా చికిత్స ఇన్ని వారాలు వైద్యపరంగా అవసరం అని లెటర్ తీసుకుని, ముందస్తు అనుమతి అడిగి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. అది కాకపోయినా డిశ్చార్జ్ తర్వాత 60 రోజులో 90 రోజులో అయ్యే ఖర్చు చాలా పాలసీల్లో వస్తుంది, డాక్టర్ రాసిన ఫిజియోథెరపీ, మందుల బిల్లులు అందులో పెట్టుకోవచ్చు, ఒక్క రసీదు కూడా పారేయకండి. తర్వాత లోటు అలాగే మిగిలిపోతే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి, 40 శాతం, ఆపైన ఉంటే పెన్షన్, రాయితీల లాంటివాటికి దారి దొరుకుతుంది. ఉన్న డబ్బు ఎనిమిది వారాలకు సరిపోదంటే అప్పు చేయొద్దు. మంచి చోట నాలుగు వారాలు ఉండి, మిగతా డబ్బుతో ఇంట్లో బాత్రూం బాగుచేయించి, ఖమ్మంలో థెరపీ కొనసాగించడం, తక్కువ రకం చోట మూడు నెలలు ఉండటం కన్నా ఎంతో మేలు.

అమ్మగారి గురించి రాస్తే మీకు కోపం రాకూడదు. తను ఒక్కతే చూసుకుంటుందిలే అనుకుని ప్లాన్ చేయకండి. ఎనభై కిలోల మనిషిని రోజుకు పదిసార్లు లేపితే రెండు నెలల్లో ఆమె నడుము పోతుంది. సెంటర్లో ఉండగానే ఇంకొకరు కూడా నేర్చుకోవాలి, మీరో, బాబాయ్ గారో, జీతానికి పెట్టుకునే మనిషో. చివరి రెండు వారాల్లో ఒక రాత్రి నర్సు సాయం లేకుండా గదిలో అన్నీ మీరే చేసుకోవాలని అడగండి, ఆ రాత్రి ఏవేవి రాలేదో పొద్దున్నే థెరపిస్ట్‌కు చెప్పండి. ఆ తర్వాత వీలైతే ఒక శని, ఆదివారం ఇంటికి తీసుకెళ్లి మళ్లీ తీసుకురండి. నేను చూసినంతలో ఆ రెండు రోజుల్లో బయటపడే ఇబ్బందులు సెంటర్లో రెండు వారాలున్నా బయటపడవు.

ఖమ్మంలో ఈలోపు చేయించాల్సినవి. మంచం ఎత్తు, ఆయన కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా ఉండాలి, నవారు మంచం వద్దు, కూర్చోగానే కుంగిపోతుంది. కమోడ్ పక్కన గోడకు రాడ్, కూర్చున్నాక ఆయన ఎడమ చేతికి అందే వైపు. టవల్ తగిలించుకునే రాడ్ మీద ఆధారపడొద్దు, అది ఊడి వస్తుంది. స్నానానికి చేతులున్న గట్టి కుర్చీ. గేటు దగ్గర మెట్లుంటే ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పట్టు లేని కాలు ముందు, ఇది ఇంట్లో అందరికీ నోటికి రావాలి.

పసరు మందు సంగతి కూడా అడిగారు. ఎవరో పావురం రక్తం రాయమన్నారని కూడా రాశారు. దానివల్ల కాలు రాదు. పసరు తాగించడం నోటి నుంచి కాబట్టి ఇప్పుడున్న స్థితిలో అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, పైగా పత్యం పేరుతో బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఆపమంటారు, అవి ఆపితే రెండో స్ట్రోక్ రావచ్చు. పెద్దవాళ్ల మనసు నొప్పించడం ఇష్టం లేకపోతే "థెరపిస్ట్ ఆరు నెలలు ఆగమన్నారు" అని నా మీద వేసి చెప్పండి.

శుక్రవారం లోపు వీలైతే ఇవి అయ్యేలా చూడండి: డిశ్చార్జ్ సమ్మరీతో పాటు స్కాన్ సీడీ, మందుల చీటీలో ఏది ఎన్నాళ్లు వాడాలో, మింగడం పరీక్ష చేశారా లేదా, చేస్తే ఏం తేలింది, యూరిన్ పైపు ఎప్పుడు వేశారు ఎప్పుడు మార్చాలి, వీపు కింద పుండ్లు ఏమైనా ఉన్నాయా అని డ్యూటీ నర్సుతో కలిసి మీ కళ్లతో చూడటం. రెండు సెంటర్లు చూసొచ్చాక వాళ్లు ఏం చెప్పారో ఇక్కడే రాయండి, ఇంటి వీడియోలో బాత్రూం తలుపు వెడల్పు ఎంతుందో కూడా టేపుతో కొలిచి రాయండి, వీల్‌చైర్ దూరుతుందో లేదో నేను చూసి చెప్తాను.